గిర్నీ మీద నిద్ర

రమ్యశ్రీ మెట్లు దిగి వచ్చి ఏదో చెప్పింది. అరుణాదేవి అప్పుడు గుడ్డ తొడుగులోంచి డబ్బాలోకి జారుతున్న జొన్నపిండిని రెండు వేళ్ల మధ్య రుద్ది చూస్తోంది. ఇంకా కొంచెం బరకగా ఉందనిపించి, రాళ్లను దగ్గరకు జరిపే చక్రాన్ని కాస్త తిప్పింది. రాళ్ల చప్పుడు సన్నబడింది. అప్పుడు తల తిప్పి, "ఏమన్నవ్ బిడ్డా?" అంది.

రమ్యశ్రీ దగ్గరకు వచ్చి చెవిలో చెప్పింది, ఈ నెలాఖరుకి పైన గది ఖాళీ చేద్దామనుకుంటున్నామని.

అరుణాదేవి చేయి చక్రం మీదే ఉండిపోయింది. తొట్టిలో జొన్నలు అయిపోయాయి. ఖాళీ రాళ్లు ఒకదానికొకటి రాసుకుని కాలిన వాసన వస్తున్నా ఆమెకు తెలియలేదు. పక్క గదిలో కారం పడుతున్న చిన్నరాములు, ముక్కుకు కట్టుకున్న తువ్వాలతోనే పరిగెత్తుకొచ్చి మోటారు ఆపాడు.

"ఏందమ్మా, రాళ్లు కాలుతున్నయి," అన్నాడు. అతను ఆ పిండిగిర్నీలో చేరి ఇరవై ఏళ్లు దాటింది. ఆమె చేతిలో రాళ్లు కాలడం ఇదే మొదలు.

"ఏం గాలే, నువ్వు పో," అని అతన్ని పంపించి, అరుణాదేవి రమ్యశ్రీ వైపు తిరిగింది. "ఎందుకు బిడ్డా? కిరాయి ఎక్కువైందా?"

"అయ్యో, అదేం కాదు పిన్నిగారూ." రమ్యశ్రీ చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "ఆయనకి నిద్ర చాలట్లేదండి. మూడు నెలల నుంచి నైట్ షిఫ్టే కదా. పొద్దున్నే వచ్చి పడుకుంటే..."

"గిర్నీ," అంది అరుణాదేవి.

రమ్యశ్రీ ఒక్క క్షణం మెట్ల వైపు చూసింది. "అవునండి, గిర్నీ," అంది. "కంది అనే ఊళ్లో ఒక గది ఉందన్నారు. ఆదివారం పదింటికి వెళ్లి చూసి, బాగుంటే అడ్వాన్స్ ఇచ్చేద్దామని. మీకు ముందే చెప్పడం పద్ధతి కదండీ."

ఆ రోజు గురువారం.

అరుణాదేవి డబ్బాకు మూత పెట్టి, మూత మీద సుద్దముక్కతో జొన్నలు తెచ్చినామె పేరు రాసింది. చూసుకోకుండా అదే పేరు మళ్లీ రాసింది. రమ్యశ్రీ చున్నీ కొసతో రెండో పేరు తుడిచేసి పైకి వెళ్లిపోయింది.

సంగారెడ్డి పాత బజారు వెనక వీధిలో కింద గిర్నీ, దాని వెనక రెండు గదుల ఇల్లు, పైన కిరాయికిచ్చే గది. వీళ్లకు ముందు ఆ గదిలో తొమ్మిది కుటుంబాలు ఉండి వెళ్లాయి. ఎవరి సామాను ఆటోలోకి ఎక్కినా అరుణాదేవి ఏనాడూ వాకిట్లో నిలబడలేదు. ఆ సమయానికి గిర్నీ నడుస్తూ ఉండేది. పట్టడానికి ఎవరివీ లేకపోతే తన ఇంటి బియ్యమే తొట్టిలో పోసేది. కానీ ఈ ఇద్దరూ వచ్చి రెండేళ్లయింది. పాశమైలారంలో మందు గోలీలు చేసే కంపెనీలో రమ్యశ్రీ భర్త వెంకట సాయి మిషను నడుపుతాడు. పిండి జుట్టులో పడకుండా కంపెనీలో వాడే ఎలాస్టిక్ టోపీ ఒకటి తెచ్చి ఆమెకిచ్చాడు. రమ్యశ్రీ రోజూ పదకొండింటికి అల్లం టీతో దిగి వచ్చి, మిరపకాయల తొడిమెలు తీస్తూ గంటసేపు కూర్చుంటుంది. వాళ్లది తుని దగ్గర పల్లె. కందికి వెళ్తే టీ ఎంత దూరం నుంచి తేవాలి?

ఆ సాయంత్రం అయిదింటికి మబ్బు పట్టింది. అరుణాదేవి రాళ్ల దగ్గర నుంచి కదలకుండానే, "రమ్యా, వాన వచ్చేటట్టుంది, బట్టలు తీయి," అని చెప్పింది. పైన రమ్యశ్రీ బట్టలు తీసింది. ఎదురుగా కుట్టుమిషను తొక్కుతున్న దర్జీ కూడా లేచి వెళ్లి తన బట్టలు తీసుకున్నాడు. కరెంటు తీగ మీద పావురాలు ఎగిరిపోయి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ వచ్చి కూర్చున్నాయి.

ఏడింటికి గిర్నీ బంద్ చేసి, కాళ్లు కడుక్కుని, తెల్లాపూర్‌లో ఉండే కొడుకు అమర్‌కు ఫోన్ చేసింది. పోయిన నెల వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు అమర్ రెండు చెవుల మీదా నల్ల గిన్నెల్లాంటివి బోర్లించుకుని పని చేసుకుంటున్నాడు. పక్కన కట్టడం జరుగుతోంది, రోజంతా రాళ్లు కోసే చప్పుడు. ఆమె రెండుసార్లు పిలిస్తే మూడోసారికి పలికాడు.

"ఆ చెవుల మీద పెట్టుకునేదాన్ని ఏమంటరు?"

"హెడ్‌ఫోన్సమ్మా. నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నది. నీకెందుకు?"

ఆమె చెప్పింది. అమర్ నవ్వలేదు. అలాంటి విషయాల్లో అతను శ్రద్ధ గలవాడు. "దానికి బయట చిన్న చిన్న మైకులు ఉంటయమ్మా. బయట చప్పుడు ఎట్ల వస్తుందో విని, దానికి ఉల్టా చప్పుడు లోపల పుట్టిస్తది. రెండూ ఒకదాన్నొకటి మింగుతయి. తక్కువ ధరల కూడా మంచిగనే దొరుకుతున్నయి ఇప్పుడు. కానీ ఒకటి చూసుకో. కొన్ని డబ్బాల మీద ఫోన్ మాట్లాడేటప్పుడు చప్పుడు తగ్గిస్తది అని ఉంటది. అది అవతలోళ్ల చెవికి, మన చెవికి గాదు. దుకాణపోడు రెండూ ఒకటే అంటడు, నమ్మకు."

"ఇంకా?"

"పాటలు పెట్టకుండా ఉత్తగ పెట్టుకున్నా పనిచేయాలె. బ్యాటరీ ఏడెనిమిది గంటలన్న ఆగాలె. చెవి మీద మెత్తగుండాలె. ఇంకొకటి, ఆయన ఎట్ల పండుకుంటడో ముందు కనుక్కో. పక్కకు పండుకునేటోళ్లకు పెద్దవి గుచ్చుకుంటయి, చెవిల పెట్టుకునే చిన్నవి కావాలె. ఎల్లెల్కల పండుకుంటే పెద్దవి తీసుకో, చప్పుడు వాటితోనే ఎక్కువ పోతది."

అరుణాదేవి ఇవన్నీ పాత క్యాలెండర్ వెనక రాసుకుంది. ముప్పై కిలోమీటర్ల అవతల కోడలు అన్నానికి పిలుస్తున్న మాట ఫోన్‌లో వినిపించింది. పెట్టేసింది.

శుక్రవారం పదిన్నరకు గోధుమలు సగం పట్టాక ఆమెకు గుర్తొచ్చింది. రాళ్లు వదిలి వెళ్లడానికి లేదు. తల మాత్రం మెట్ల వైపు తిప్పి అడిగింది. "రమ్యా, మీ సాయి పక్కకు తిరిగి పండుకుంటడా, ఎల్లెల్కల పండుకుంటడా?"

దర్జీ కుట్టుమిషను ఆగిపోయింది. గోధుమలు పట్టించుకోవడానికి వచ్చిన వీరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఆ వీధి చివర ఇడ్లీ, పూరీల బండి నడుపుతుంది. వారానికి నాలుగుసార్లు గిర్నీకి వస్తుంది.

రమ్యశ్రీ పిట్టగోడ మీంచి తొంగిచూసింది. ముఖం ఎర్రబడింది. అరచేయి వెల్లకిలా తిప్పి చూపించి లోపలికి వెళ్లిపోయింది.

"ఏందక్కా ఆ ముచ్చట్లు, అందరి ముంగట?" అంది వీరలక్ష్మి.

"పనుండి అడిగిన తియ్యి," అంది అరుణాదేవి. ఎదురుగా ఉన్న దర్జీని ఒక్క చూపుతో మళ్లీ పనిలో పెట్టింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు గిర్నీ ఆపి, చీర మార్చుకుని, పాత బస్టాండు దగ్గర నవీన్‌కుమార్ సెల్‌ఫోన్ దుకాణానికి వెళ్లింది. నవీన్‌కుమార్ ఆమెను అద్దాల లోపల చల్లటి గాలిలో కూర్చోబెట్టి, మూడు డబ్బాలు ముందు పెట్టాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని ఒక్కో డబ్బా మీద ఉన్నదంతా కూడబలుక్కుంటూ చదివింది. ఒక డబ్బాను వెంటనే పక్కకు తోసింది.

"అది మంచి కంపెనీ అమ్మా, బాగ పోతున్నది."

"ఇది అవతలోళ్ల చెవికి," అంది ఆమె. నవీన్‌కుమార్ ఆమె వైపు కొత్తగా చూసి ఇంకొక డబ్బా తీశాడు.

ఆమె ఒక్కొక్కటి పెట్టుకుంది, తీసింది. ఏ తేడా తెలియలేదు. "నీ దుకాణంల చప్పుడే లేదు. చప్పుడు లేనికాడ చప్పుడు పోయిందని ఎట్ల తెలుస్తది? వీటిని నా గిర్నీకి తే."

"దుకాణం ఇడ్సి నేనెట్ల వస్తనమ్మా?"

"మేము బియ్యం కొనాలంటే నాలుగు గింజలు నోట్లేసుకోకుండ బేరం మాట్లాడం. పప్పు కొంటే గోటితోని విరిచి చూస్తం. మీ అమ్మ మా గిర్నీకి వస్తే రాళ్ల కిందికి పోకముందే గోధుమలు చూపిచ్చుకుంటది. నీ సరుకు నమూనా అడిగితే తప్పా?"

నవీన్‌కుమార్ తల గోక్కున్నాడు. నాలుగున్నరకు, డబ్బాలు విప్పి ఉంచిన నమూనాలు మూడూ సంచిలో వేసుకుని గిర్నీకి వచ్చాడు. చిన్నరాములు కారం మిషను, ఆమె పిండి రాళ్లు, రెండూ ఒకేసారి నడిపించారు. గోడకు తగిలించిన జల్లెడ వణుకుతోంది.

మొదటిది చెవిలో దూర్చుకునేది. చప్పుడు చెవికి దూరమైనట్టు అనిపించింది గానీ ఎక్కడికీ పోలేదు. రెండోది మెడకు వేసుకునేది. ఒక చెవిలో బాగానే ఉంది, రెండో చెవిలోంచి రెండుసార్లు జారి పిండిలో పడింది. నవీన్‌కుమార్ దాన్ని ఊదుకుంటూ సంచిలో వేసుకున్నాడు. మూడోది చెవులను పూర్తిగా మూసేది. మెత్తటి దిండ్లలా ఉంది. అతను ఆమె తల మీద సరిగ్గా కూర్చోబెట్టి ఒక మీట నొక్కాడు.

ఎవరో గిర్నీ మీద తడి గోనెసంచి కప్పినట్టయింది. రాళ్లు తిరుగుతున్నాయి, మోటారు పట్టా పరుగెత్తుతోంది, కానీ ఆ మోత ఎక్కడో కాలవ అవతలికి వెళ్లిపోయింది. అరుణాదేవి కదలకుండా నిలబడింది. చిన్నరాములు ఏదో చెబుతున్నాడు. "మిరపకాయలు ఇంకో కిలో ఉన్నయి," అన్న మాట పొడిగా, దగ్గరగా వచ్చింది. ఆమె దాన్ని తీసి చేత్తో పట్టుకుని అడిగింది.

"మాట వినవడ్తుంది. మోత పోయింది. ఇది చెడిపోయిందా?"

"దాని పనే గదమ్మా. ఒక్క తీరుగ మోగే చప్పుడు పోతది. మనిషి మాట, కుక్క అరుపు, హారన్, గివి వస్తయి. కొంచెం తగ్గుతయి గానీ వస్తయి. ఎంత పెద్ద ధర పెట్టినా గంతే."

అరుణాదేవికి అది ఇంకా నచ్చింది. ఇంట్లో ఏదన్నా అవసరమై రమ్య పిలిస్తే సాయికి వినిపిస్తుంది. గిర్నీ ఒక్కటే మాయమవుతుంది. బేరం ఆడింది, చెప్పిన ధరలో మూడు వందలు తగ్గించింది, చెడిపోతే మార్చుకునే కాగితం రాయించుకుంది, విప్పని కొత్త డబ్బా తీసుకుంది.

శనివారం పొద్దున ఎనిమిది గంటలకు పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో కంపెనీ బస్సు దిగి వెంకట సాయి నడుచుకుంటూ వచ్చాడు. కళ్ల కింద నల్లగా ఉంది. అరుణాదేవి అతన్ని మెట్ల దగ్గరే ఆపి డబ్బా చేతిలో పెట్టింది.

"ఏంటండీ ఇది పిన్నిగారూ?"

"గిర్నీ వినవడకుండ."

అతను డబ్బా అటూ ఇటూ తిప్పాడు. "ఎందుకండీ ఇంత ఖర్చు? కంపెనీలో చెవుల్లో పెట్టుకోడానికి ఫోమ్ ముక్కలిస్తారు, అవే పెట్టుకుని చూశాను. నిద్రలో రాలిపోతాయి."

"ఇది రాలది. ఎల్లెల్కల పండుకుంటవని తెలుసుకునే తెచ్చిన."

"తెలుసండి," అన్నాడు సాయి. "నిన్న విన్నాను."

ఆ పొద్దంతా అరుణాదేవికి పని తేలిగ్గా సాగింది. రెండు మిషన్లూ నిర్భయంగా నడిపించింది. పదింటికి ఒకసారి, "పండుకున్నడా?" అని కనుక్కుంది. పిట్టగోడ దగ్గర రమ్యశ్రీ తల ఊపింది. పదకొండున్నరకు ఇంకోసారి, "వినవడ్తలేదు గదా?" అని అడిగింది. పన్నెండింటికి గ్యాస్ బండి వీధి మలుపులో కనిపించగానే, వాళ్ల సిలిండర్ అయిపోవచ్చిందని గుర్తుండి, "రమ్యా, గ్యాస్ బండి వచ్చింది," అని చెప్పింది. రమ్యశ్రీ ఆ రోజు టీ తేవడానికి గంట ఆలస్యమైంది.

నాలుగింటికి సాయి దిగి వచ్చాడు. కళ్లు పొద్దుటికంటే ఎర్రగా ఉన్నాయి.

"ఎట్లుంది బిడ్డా?"

"చాలా బాగుందండి. గిర్నీ అసలు వినబడట్లేదు."

"మరి నిద్ర?"

సాయి పిండి డబ్బాల మీది సుద్ద పేర్లు చదువుతున్నట్టు నిలబడ్డాడు. "అలవాటవ్వాలి కదండీ," అన్నాడు. వెనకే దిగిన రమ్యశ్రీని అరుణాదేవి అడిగింది, రేపు కందికి పోయేది ఉందా లేదా అని. ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. "వెళ్లొస్తామండి. చూస్తే తప్పేముంది," అంది రమ్యశ్రీ.

అరుణాదేవికి కోపం వచ్చింది. గిర్నీ వినబడకపోతే ఇంకేం కావాలి? మంచి వస్తువేనని తన చెవులకు పెట్టుకుని చూసి మరీ తెచ్చింది. లేదా తను వెళ్లగానే అది పని చేయడం మానేస్తోందా? సరుకులో లోపముంటే నవీన్‌కుమార్‌ను వదలకూడదు. "ఏదీ, నేను చూస్త," అంది. "రాములూ, రెండు మిషన్లూ నడిపియ్యి. నేను మీదికి పోతున్న."

పద్నాలుగు మెట్లు గోడ పట్టుకుని ఎక్కింది. ఆ గదిలోకి ఆమె వచ్చి చాలా నెలలైంది. చాప మీద పరుపు, గోడకు కంపెనీ బ్యాగు, కిటికీకి పగటి వెలుతురు రాకుండా అడ్డం కట్టిన ముదురు దుప్పటి. ఆమె పరుపు అంచున కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మీట రమ్యశ్రీ నొక్కింది. కింద మిషన్లు మొదలైనట్టు నేల చెప్పింది గానీ చెవికి తెలియలేదు. ఎంత సుఖంగా ఉంది. కళ్లు మూసుకుంది. వస్తువులో ఏ లోపమూ లేదు. ఈ పిల్లలు మరి ఎందుకు పోతున్నట్టు?

"అమ్మా, వీరక్క గోధుమలు సన్నగనా, మామూలుగనా?"

ఆమె ఉలిక్కిపడి లేచి నిలబడింది. కిటికీ దుప్పటి వెనక నుంచి చిన్నరాములు గొంతు, నేరుగా తలలో మేకు దించినట్టు వచ్చింది. మోత ఏమీ లేని చోట అది ఒక్కటే ఉంది. ఆమె హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకుంది. తీయగానే గిర్నీ మోత గదంతా నిండింది. ఆ మోతలో, రెండోసారి అడిగిన రాములు గొంతు ఎప్పటిలాగా మామూలుగా ఉంది.

"రాములు రోజు ఇట్లనే ఒర్రుతడా, గింత గట్టిగ?" అంది.

"ఆయన రోజుకి ఒకటి రెండుసార్లేనండి," అంది రమ్యశ్రీ.

"మరి?"

రమ్యశ్రీ పరుపు మీది దుప్పటి తీసి మడత పెట్టసాగింది. మడత పెట్టినదాన్నే విప్పి మళ్లీ పెట్టింది. సాయి గుమ్మం దగ్గర నేల వైపు చూస్తున్నాడు.

అరుణాదేవి తిరిగి కూర్చుంది. "నేనా?"

"మీరు మా మంచికే పిలుస్తారండి," అన్నాడు సాయి.

"కరెంటు పోయినప్పుడు, గిర్నీ లేనప్పుడు?"

"అప్పుడు ఇంకా బాగా వినబడుతుందండి," అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"మరి గిర్నీ అని ఎందుకు చెప్పిన్రు నాకు?"

"మిమ్మల్ని అలా ఎలా అంటామండీ?" అంది రమ్యశ్రీ. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "బట్టలు తడుస్తాయనేగా మీరు చెప్పేది."

అరుణాదేవి హెడ్‌ఫోన్లను పరుపు మీద జాగ్రత్తగా పెట్టి దిగి వెళ్లింది. వీరలక్ష్మి గోధుమలను సన్నగా పట్టింది. మామూలుగా పట్టాల్సినవి.

ఆరున్నరకు సాయి యూనిఫాం వేసుకుని షిఫ్టుకు బయలుదేరాడు. గిర్నీ ఇంకా నడుస్తోంది. అతను డబ్బా ఆమె పక్కన బల్ల మీద పెట్టి, "వాపసు ఇచ్చేయండి పిన్నిగారూ, నాకు దీంతో పని లేదు," అని గట్టిగా చెప్పాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని డబ్బా విప్పింది. వాపసు ఇచ్చే ముందు గీతలేమైనా పడ్డాయేమోనని హెడ్‌ఫోన్లను తిప్పి చూసింది. అతని ముఖం చూడలేక, ఏం చేయాలో తోచక, వాటిని తన చెవుల మీద పెట్టుకుని మీట నొక్కింది. మోత దూరం వెళ్లిపోయింది.

"నవీన్ వాపసు తీసుకుంటడో లేదో," అంది.

సాయి ముందుకు వంగాడు. "ఏంటండీ?"

"తీసుకోడేమో అంటున్న. విప్పినం గదా."

అతను ఇంకా వంగి చెవి ఇటు తిప్పాడు. వీరలక్ష్మి తన డబ్బా తీసుకోబోతూ ఆగిపోయింది. "ఏందక్కా గుసగుసలాడుతున్నవ్? పెండ్లి సంబంధం మాట్లాడుతున్నట్టు."

అరుణాదేవి హెడ్‌ఫోన్లను ఒక చెవి మీంచి తప్పించింది. మోత తిరిగి వచ్చింది. "ఏం గుసగుస?" అంది. వీరలక్ష్మి డబ్బాతో సహా ఒక అడుగు వెనక్కి వేసింది. అరుణాదేవి ఆ చెవిని మళ్లీ కప్పుకుని అంది, "నేను మామూలుగనే మాట్లాడుతున్న." ఈసారి ఆ మాట ఆమె పెదవుల దగ్గర నుంచి దూరం పోలేదు.

సాయి నవ్వాడు. అతను నవ్వగా ఆమె చూసి మూడు నెలలైంది. "పిన్నిగారూ, చుట్టూ మోత ఉంటే మనకి తెలీకుండానే గొంతు పెరుగుతుంది. మా కంపెనీలో కూడా అంతే, ఇంటికొచ్చాక రమ్య చెవులు మూసుకుంటుంది. మోత వినబడకపోతే గొంతు దానంతటదే దిగుతుంది. ఇది మీ దగ్గరే ఉండనీయండి." బస్సుకు ఆలస్యమవుతోందని వెళ్లిపోయాడు. రేపటి సంగతి అతను అనలేదు, ఆమె అడగలేదు.

చీకటి పడ్డాక కిష్టయ్య కిరాణా దుకాణం మూసి ఇంటికొచ్చాడు. అరుణాదేవి భర్త అతను. తెల్లవారి ఏడింటికే దుకాణానికి వెళ్లిపోయే మనిషి. అన్నం వడ్డిస్తూ ఆమె అడిగింది.

"నేను ఒర్రుతనా?"

కిష్టయ్య మజ్జిగ కలుపుకున్నాడు. "గిర్నీ పెట్టిన సంది."

"మరి ఎన్నడూ చెప్పలేదేంది?"

"చెప్పిన. నీకు వినవడలె."

ఆమె గరిటె గిన్నెలో పడేసింది. అతను తల వంచుకుని తింటున్నాడు గానీ భుజాలు కదులుతున్నాయి. కొంచెంసేపటికి ఆమెకూ నవ్వొచ్చింది. నవ్వాక దిగులేసింది. ఆ తొమ్మిది కుటుంబాలూ ఏం కారణాలు చెప్పి వెళ్లాయో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. పిల్లల బడి దూరమన్నారు ఒకరు. నీళ్లు రావట్లేదన్నారు ఇంకొకరు. అందరూ మర్యాదగల వాళ్లే.

ఆదివారం గిర్నీకి ఎక్కువ గిరాకీ. ఆమె ఎలాస్టిక్ టోపీ పెట్టుకుని, దాని మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పిండి పడకుండా పైన తువ్వాలు చుట్టుకుంది. జనం చూసి నవ్వారు. "విమానం నడుపుతున్నవా అవ్వా?" అన్నాడొకడు. ఆ మాట ఆమెకు స్పష్టంగా వినిపించింది. "కూసో, నిన్ను కూడ తీస్కపోత," అంది. అతను వినడానికి బల్ల మీదికి వంగాల్సి వచ్చింది. పిండి ఎలా వస్తోందో రాళ్ల చప్పుడుతో తెలుసుకునే వీలు లేక, వేళ్లతో మామూలుకంటే ఎక్కువసార్లు రుద్ది చూసింది. ఒకటి రెండు డబ్బాల తర్వాత వేళ్లకు ఆ పని అలవాటైంది.

సాయి ఎనిమిదింటికి వచ్చి పైకి వెళ్లడం చూసింది. తొమ్మిదిన్నర అయింది. పది అయింది. మెట్ల వైపు వీపు పెట్టి నిలబడింది. పదింబావుకు తుంపర మొదలైంది. పైన తీగ మీద రమ్యశ్రీ ఆరేసిన బట్టలున్నాయి. అరుణాదేవి నోరు దానంతటదే తెరుచుకుంది. మూసుకుంది. కందికి వెళ్లిపోయి ఉంటారు, బట్టలు తీసేవాళ్లు లేరు. చిన్నరాములుకు రాళ్లు అప్పగించి, పద్నాలుగు మెట్లూ ఎక్కింది. బట్టలన్నీ చేతి మీద వేసుకుని, గుమ్మం పక్కన చూరు కింద ఉన్న కుర్చీలో పెట్టింది. తలుపుకు తాళం ఉందో లేదో చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది. దిగి వచ్చి ఇంకో డబ్బా ఎత్తుకుంది.

ఒంటిగంటకు మోటారు ఆపింది. పట్టా నెమ్మదిగా తిరిగి తిరిగి నిలిచింది. హెడ్‌ఫోన్లు తీసి దాని మీది పిండి ఊదుతుంటే రమ్యశ్రీ టీ గ్లాసులతో దిగింది.

"మీరు పోలేదా?"

"ఆయన లేవలేదండి." రమ్యశ్రీ గొంతు తగ్గించి, పీట లాక్కుని కూర్చుంది. "ఎనిమిదిన్నరకి పడుకున్నారు. తొమ్మిదిన్నరకి లేపుదామని వెళ్లాను. మనిషి ఉలకడు పలకడు. పదింటికి మళ్లీ వెళ్లాను. కందిలో గది ఇస్తానన్నాయన మూడుసార్లు ఫోన్ చేశారు. నాలుగోసారి ఎత్తి, మేం రావట్లేదు, ఇంకెవరికైనా ఇచ్చుకోండి అని చెప్పేశాను."

"సాయిని అడగకుండనే?"

"లేస్తే కదండీ అడగడానికి."

"లేచినంక తిడ్తడేమో."

"తిట్టనివ్వండి. ముందు లేవనివ్వండి."

అరుణాదేవి టీ తాగింది. అల్లం ఎక్కువైంది, అయినా గ్లాసు ఖాళీ చేసింది. మిరపకాయల చేట ఇద్దరి మధ్యకు లాగింది. ఇద్దరూ తొడిమెలు తీస్తున్నారు. అప్పుడు పైన కిటికీ దుప్పటి వెనక నుంచి ఒక శబ్దం వచ్చింది. ఎత్తుగా లేచి, కాసేపు ఆగి, ఈలలా దిగి, మళ్లీ లేచింది. ఇద్దరి చేతులూ ఆగాయి.

"ఏందది?" అంది అరుణాదేవి.

రమ్యశ్రీ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "ఆయనేనండి. పొద్దుట్నుంచీ అదే గురక. ఈయన ఇంత గురక పెడతారని నాకు తెలీనే తెలీదు."

ఎదురుగా దర్జీ కూడా తలెత్తి పైకి చూశాడు. గురక ఇంకొక చుట్టు తిరిగి వచ్చింది. అరుణాదేవి చెవి ఒగ్గి పూర్తిగా వింది. ఆ తర్వాత ఒళ్లోని హెడ్‌ఫోన్లను కొంగుతో తుడిచి, రమ్యశ్రీ తల మీద పెట్టి, మీట వెతికి నొక్కింది.

"నాలుగింటికి నాకు కావాలె," అంది మెల్లగా. "అందాక నువ్వు పెట్టుకో."

"ఏంటండీ?" అంది రమ్యశ్రీ.